ఉన్న కంపెనీలోనే సొంత పని

చిరంజీవి సుమతికి,


నీ ఉత్తరం చదివాను. చిన్న ఊళ్లకు మందులు చేర్చాలని మీ పైవాళ్లు మూడేళ్ల ప్రణాళిక ప్రకటించారు, కింద మాత్రం పాత టార్గెట్లే నడుస్తున్నాయి, అందుకని మానేసి సొంతంగా మొదలుపెడతానంటావు. తొందరపడకు. ఆ సొంత పనేదో ఉన్న కంపెనీలోనే కుదురుతుందేమో ముందు చూడు.

ఐటీసీ కంపెనీ వాళ్ల ఈ-చౌపాల్ సంగతి తెలుసుకో. వ్యవసాయ సరుకుల వ్యాపారంలో పెద్ద విదేశీ సంస్థలకు దీటుగా నిలవాలన్నది ఆ కంపెనీ పైవాళ్ల కోరిక. దాన్ని పల్లెదాకా తీసుకెళ్లింది అక్కడ వ్యవసాయ వ్యాపార విభాగం చూసిన శివకుమార్, ఆయన జట్టు. 2000లో మధ్యప్రదేశ్ సోయా రైతులతో మొదలైంది. అంతవరకు రైతు బండి కట్టుకుని మండీకి పోయి, వేలం అయ్యేదాకా ధర తెలియక పడిగాపులు పడేవాడు. వీళ్లు ఊళ్లోనే ఒక రైతు ఇంట్లో కంప్యూటర్ పెట్టి, అతన్ని సంచాలక్ అన్నారు. ఊరందరి ముందు ప్రమాణం చేయించారు. రైతు అక్కడే ధర చూసుకుని, నచ్చితేనే సరుకు కంపెనీ కేంద్రానికి తోలేవాడు. ఎలక్ట్రానిక్ కాటా, చేతికి డబ్బు.

ఫోన్ లైన్లు మొరాయిస్తే ఉపగ్రహంతో పనిచేసే వీశాట్ పెట్టారు. కరెంటు నిలవకపోతే సోలార్ తెచ్చారు. నాకు అన్నిటికంటే నచ్చింది మండీలోని కమిషన్ ఏజెంట్ల సంగతి. వాళ్లని తరిమేయకుండా సంయోజక్‌లని పేరు పెట్టి, రవాణా, చెల్లింపుల పనులు అప్పగించి కమిషన్ ఇచ్చారు. (ఇదంతా రైతుల మీద జాలితో చేశారనుకోకు. కంపెనీకి కొనుగోలు ఖర్చు తగ్గింది, మంచి సరుకు దొరికింది.)

మరి నీ విషయంలో ఆ ఏజెంట్లు ఎవరు? మీ పాత డిస్ట్రిబ్యూటర్లు. తమకు నష్టమని వాళ్లకు తోచిందా, నీ ప్రయోగం మూలపడుతుంది. మీ సేల్స్ మేనేజరూ అంతే. నీకో మనిషినిస్తే తన టార్గెట్ దెబ్బతింటుందంటే ఆయన ఎందుకిస్తాడు? ఆ మనిషి లెక్క ఆయన టార్గెట్ నుంచి వేరుగా ఉంచమని పైనుంచి రాయించుకో. నోటిమాట నమ్మకు.

అనుమతి అడిగేటప్పుడు ఆలోచన గొప్పదని చెప్పకు. ప్రణాళికలో ఏ వాక్యం నీ పనివల్ల నిజమవుతుందో వేలుపెట్టి చూపించు. చూపలేకపోతే అది కంపెనీ పని కాదు, నీ ముచ్చట. అప్పుడు నిక్షేపంగా బయటికి రా, నేనూ కాదనను.

ఒక్క మండలం తీసుకో. ఎంత డబ్బు కావాలి, ఏ తేదీకి ఏం కనబడకపోతే ఆపేస్తావు, ఇవన్నీ ఒక్క కాగితంలో పట్టాలి. ఆపే తేదీ రాసివ్వడానికి సిగ్గుపడకు, డబ్బిచ్చేవాడికి ధైర్యం వచ్చేది దానివల్లే. ఆ కాగితాన్ని మీటింగుకు ముందే మీ ఫైనాన్స్ వాళ్లకు చూపించు. అందరి ముందు మొదటిసారి చూస్తే వాళ్లు ఏదో ఒక కొర్రీ పెట్టక మానరు.

ఇట్లు,
మీ పెదనాన్న