ఊపిరికి దారి: మూడు పద్ధతుల తారతమ్య పరిశీలన

తెలుగువారు ఒకరిని బ్రతికించడాన్ని 'ఊపిరి పోయడం' అంటారు. ఉర్దూలో 'దమ్' అనే ఒక్క మాట శ్వాసకూ ప్రాణానికీ కూడ చెల్లుతుంది. రెండు భాషలూ గుర్తించిన ఈ సంబంధానికి వైద్యశాస్త్రం ఒక గడువును చేర్చింది. ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషాలలోనే దెబ్బతినసాగుతుంది. కావున స్పృహతప్పి ఊపిరి ఆగిన రోగికి చికిత్స అతడు పడిపోయిన చోటనే మొదలు కావలసి ఉన్నది. అచట శ్వాసమార్గాన్ని తెరచి ఉంచడానికి అంబులెన్సు సిబ్బందికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. వాటిలో ఏది మేలైనది?

మొదటిది బ్యాగు–మాస్కు పద్ధతి. స్పృహలేని మనిషి నాలుక వెనుకకు జారి గొంతును మూసివేస్తుంది. తలను వెనుకకు వంచి, గడ్డాన్ని పైకెత్తి, ముక్కునూ నోటినీ కప్పే మాస్కును గట్టిగా అదిమి, దానికి అమర్చిన సంచిని నొక్కి గాలిని పంపుతారు. పరికరం సులభమైనదే, కాని గాలిలో కొంత జీర్ణకోశంలోనికి పోవచ్చు. అప్పుడు లోపలి పదార్థం పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి దిగే ప్రమాదమున్నది.

రెండవది శ్వాసనాళంలోనికి గొట్టం వేయడం. దీనినే ఇంట్యుబేషన్ అంటారు. ఊపిరాడని రోగి గొంతులోనికి వెండి లేదా బంగారు గొట్టాన్ని పంపవచ్చునని ఇబ్న్ సీనా తన వైద్యగ్రంథం 'అల్ ఖానూన్'లో పేర్కొన్నాడు. 1878లో గ్లాస్గో శస్త్రవైద్యుడు విలియం మెక్యువెన్ నోటి ద్వారా గొట్టం వేసి, దాని గుండా మత్తుమందు ఇప్పించాడు. 1943లో రాబర్ట్ మాకింటాష్ వంపు పలక గల లారింగోస్కోపును వెలువరించాడు. ఈ గొట్టం ఊపిరితిత్తులకు మంచి రక్షణ కల్పిస్తుంది. అయితే శ్వాసనాళం వెనుకనే ఆహారనాళమున్నది. దారి తప్పితే గాలి కడుపులోనికి పోతుంది. 2001లో అమెరికాలోని ఓర్లాండోలో వెలువడిన పరిశీలనలో, ఆసుపత్రికి చేరిన 108 మందిలో 27 మందికి గొట్టం సరియైన స్థానంలో లేదని తేలింది.

మూడవది స్వరపేటికపై అమరే సాధనం. 1981లో ఇంగ్లండులో ఆర్చీ బ్రెయిన్ రూపొందించిన లారింజియల్ మాస్కు దీనికి మూలం. ఇప్పటి ఐ-జెల్ ఈ కోవలోనిదే. స్వరతంతువులను కంటితో చూడకయే దీనిని త్వరగా అమర్చవచ్చు. రక్షణ మాత్రం గొట్టమంత పూర్ణంగా ఉండదు.

ఆసుపత్రి వెలుపల గుండె ఆగిన రోగులపై జరిగిన మూడు పెద్ద పరీక్షల ఫలితాలు 2018లో వెలువడినాయి. ఇంగ్లండులో 9296 మందిని పరిశీలించగా, మెదడు పనితీరు బాగుండి కోలుకున్నవారు ఐ-జెల్ వర్గంలో 6.4 శాతం, గొట్టం వర్గంలో 6.8 శాతం. ఇది లెక్కించదగిన తేడా కాదు. అమెరికాలో 3004 మందిలో, మూడు దినాలు జీవించినవారు స్వరపేటికపై అమరే సాధనంతో 18.3 శాతం, గొట్టంతో 15.4 శాతం. ఫ్రాన్సు, బెల్జియములలో 2043 మందిలో బ్యాగు–మాస్కుతో 4.3 శాతం, గొట్టంతో 4.2 శాతం బాగుగా కోలుకున్నారు. కాని కడుపులోని పదార్థం పైకి రావడం బ్యాగు–మాస్కుతో రెట్టింపయింది.

ఇంతమాత్రాన గొట్టం నిరర్థకమని తీర్మానించరాదు. 2010లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు పరీక్షలో, తలకు తీవ్రగాయమైన వారికి ప్రత్యేకశిక్షణ పొందిన సిబ్బంది దారిలోనే మందులిచ్చి గొట్టం వేశారు. ఆరు మాసాల తరువాత వారిలో 51 శాతం మంది మంచి స్థితిలో ఉన్నారు. ఆసుపత్రికి చేరిన పిదప గొట్టం వేయించుకున్నవారిలో 39 శాతమే. రోగం వేరు, శిక్షణ వేరు. అందుచేత ఫలితమూ వేరు.

కాబట్టి సాధనం ఎంత గొప్పదన్నది కాదు, రోగికి గాలి అందుతున్నదా అన్నదే అసలు ప్రశ్న. నిశ్వాసంలోని బొగ్గుపులుసు వాయువును కొలిచే కాప్నోగ్రాఫు దీనికి నమ్మదగిన సాక్షి. చేయి తిరిగినవాని చేతిలోని సులభసాధనం, అభ్యాసం చాలని వాని చేతిలోని ఉత్తమసాధనం కంటె మేలు.

విద్యార్థులు గొట్టం వేయనక్కరలేదు. పిలిచినా పలుకక, సరిగా ఊపిరి తీయని వ్యక్తి కంటబడినప్పుడు 108కి కబురు చేసి, రొమ్ము నడుమ రెండు చేతులతో బలంగా, వేగంగా నొక్కడం నేర్చుకున్న చాలును. అంబులెన్సు వచ్చేలోపలి ఆ కొద్ది నిమిషాలు మన చేతిలోనివే.