ఉపాధ్యాయులు నిజమైన బృందంగా మారాలంటే ఏం చేయాలి?

ఒకే బడిలో పనిచేసే ఉపాధ్యాయులు వారానికోసారి సమావేశమైనంత మాత్రాన బృందం కారు; అందరూ కలిసి తేల్చుకోవలసిన పని ఒకటి వారి ముందుండాలి. జపాన్ ప్రాథమిక పాఠశాలల్లో మెయిజీ కాలం నుంచి వస్తున్న ‘జుగ్యో కెన్‌క్యూ’, అంటే పాఠ పరిశీలన, ఇందుకు చక్కని దారి. నలుగురైదుగురు కలిసి ఒక పాఠం ఎంచుకుంటారు. అది భిన్నాల సంకలనమైతే, 1/2కి 1/3 కలిపి 2/5 అని పిల్లలు ఎందుకు రాస్తారో ముందే ఊహించి పాఠ ప్రణాళిక తయారుచేస్తారు. ఒకరు బోధిస్తారు. మిగిలినవారు గమనించేది ప్రధానంగా పిల్లలనే: ఎవరు ఎక్కడ ఆగారు, ఏం కొట్టేసి మళ్లీ రాశారు. ఈ పద్ధతికి ప్రాణం ఇదే. పాఠం అందరిదీ కాబట్టి తర్వాతి చర్చలో తప్పు ఒకరి మీద పడదు, సవరణ ధైర్యంగా సాగుతుంది. ఇందుకు టైంటేబుల్‌లోనే సమయం కేటాయించడం ప్రధానోపాధ్యాయుల బాధ్యత. బడి అయ్యాక మిగిలిన ఓపికతో ఇది నడవదు.