ఉపగ్రహ చిత్రములతో చెరువు పరిశీలన

చెరువు ఏటేటా కొంచెము కొంచెముగ కుంచించుకొనిపోవుచున్నను, దినదినము చూచువారి కంటికి ఆ మార్పు తోచదు. పూర్వపు చెరువును, నేటి చెరువును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తెలియును. అట్లు చూపు సాధనములు నేడు ఇంటర్నెట్టుగల ఏ కంప్యూటరుపైనైనను లభించుచున్నవి. పంచాయతీ సభ్యులు వానిని వాడుట నేర్చుకొనవలెను.

అమెరికా 1972 లో మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహమును, మన దేశము 1988 లో ఐ.ఆర్.ఎస్.-1ఏ ఉపగ్రహమును ప్రయోగించినవి. ఇస్రో సంస్థ 2009 లో ‘భువన్’ పటములను ప్రజలకు అందించినది. 2015 లో మొదలైన యూరపు సెంటినెల్-2 ఉపగ్రహముల చిత్రములు ‘కోపర్నికస్ బ్రౌజరు’లో ఉచితముగ లభించును. అంతకు పూర్వపు స్థితిని గూగుల్ ఎర్త్‌లోని ‘టైంలాప్స్’ 1984 నుండి ఏటికొక చిత్రముగ చూపును.

సూర్యకాంతిలో కంటికి కానరాని పరారుణ కిరణములు కలవు. పచ్చని ఆకులు వానిని మిక్కుటముగ త్రిప్పి పంపును; నీరు పీల్చుకొనును. ఈ కిరణములతో కూర్చిన ‘ఫాల్స్ కలర్’ చిత్రములో పైరు ఎఱ్ఱగను, నీరు నల్లగను కన్పట్టును. ఎఱుపును చూచి పైరు ఎండినదని భ్రమపడరాదు.

చూచు విధానమిది. కోపర్నికస్ బ్రౌజరులో మొదట మీ గ్రామమును వెదకి, మబ్బులేని తేదీని ఎన్నుకొనుడు. పిదప వేఱొక సంవత్సరములో అదే మాసపు చిత్రమును దానితో పోల్చుడు. చెరువు అంచు వెంట గీత గీచినచో నీటి విస్తీర్ణము తెలియును.

అయితే తొందరపడి ఎవరిపైనను నేరము మోపరాదు. మంచి వర్షములు కురిసిన ఏటి చిత్రమును కఱవు సంవత్సరముతో పోల్చినచో, ఆక్రమణ లేకున్నను చెరువు చిన్నదిగ తోచును. గుఱ్ఱపుడెక్క కమ్మిన నీరు పైరువలె ఎఱ్ఱగ కన్పించును. పైనుండి తీసిన చిత్రములో విస్తీర్ణమే కాని లోతు కానరాదు. కావున పూడికను చెరువులో దిగియే కొలువవలెను. సెంటినెల్ చిత్రములో ఒక్కొక్క చుక్క 10 మీటర్ల చదరము, అనగా సుమారు రెండున్నర సెంట్ల భూమి. గట్టు తగవులను అది తీర్పజాలదు. అందులకు సర్వేయరు కొలతయు, రెవిన్యూ రికార్డులును కావలెను.

రాజ్యాంగపు 11 వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చిన్న నీటి వనరులును, నీటి యాజమాన్యమును చేరియున్నవి. కావున వర్షకాలము ముగిసిన వెంటనే ఒకటియు, నడివేసవిలో ఒకటియు, ఏటా రెండు చిత్రములను తేదీతో అచ్చొత్తించి పంచాయతీ దస్త్రములో భద్రపఱచుడు. తేడా కన్పించినచోట సభ్యులు, ఆయకట్టు రైతులు కలిసి నడిచి చూడుడు. అటుపిమ్మట విషయమును గ్రామసభ యెదుట ఉంచుడు.