కొట్టు ఉండగా రెండో పని: దాతలు అడగవలసిన రెండు ప్రశ్నలు



నేను బడిపంతుల్ని. వ్యాపారం చేసినవాణ్ణి కాను. 1964 నాటి ప్రవర్తనా నియమావళి మా ఉద్యోగుల్ని అనుమతి లేకుండా వ్యాపారం చేయనివ్వదు కూడా. ఈ విషయం నా దగ్గరకు హాజరు పట్టీ ద్వారా వచ్చింది. ఏడో తరగతి పిల్లవాడొకడు జనవరి నుంచి వారానికి మూడు రోజులు రావడం మానేశాడు. వాళ్ల నాన్నది గాజులు, ఫ్యాన్సీ సామాన్ల కొట్టు. మిర్చి కోతలు మొదలవగానే ఆయన పగలు ట్రాలీ ఆటో తోలడానికి పోతున్నాడు. తల్లి మంచానపడ్డ అత్తగారిని వదిలి రాలేదు. కొట్లో కూర్చున్నది నా విద్యార్థి.

ఆ తండ్రిని తప్పుపట్టడం తేలిక. ముందు ఆయన లెక్క చూద్దాం. కొట్టు మీద రోజుకు 300 మిగులుతుందనుకోండి. ఇంటి ఖర్చు 450. లోటు 150 అంటే నెలకు 4,500. ఆ లోటు గల్లాపెట్టెలోంచే తీస్తారు. అంటే తిరిగి సరుకు కొనవలసిన డబ్బు బియ్యానికి, మందులకు పోతుంది. 40,000 పెట్టుబడి తొమ్మిది నెలలు తిరక్కుండానే హరించుకుపోతుంది. మనం బండి ఇచ్చాం, సరుకు ఇప్పించాం, ఏడాదికల్లా మూసేశాడని నొచ్చుకుంటాం. చాలాసార్లు సోమరితనం కారణం కాదు, ఈ 150 రూపాయలే కారణం. రెండో పని ఆ లోటును పూడుస్తుంది, అసలును కాపాడుతుంది. అందుకే "వేరే పని ఉందిగా" అని దరఖాస్తు పక్కన పెట్టడం నాకు నచ్చదు.

హజ్రత్ అబూబకర్ (రజి) బట్టల వ్యాపారి. 632లో ఖలీఫా అయిన తర్వాత కూడా కుటుంబ పోషణ కోసం బట్టలు భుజాన వేసుకుని బజారుకు బయలుదేరారు. హజ్రత్ ఉమర్ (రజి) దారిలో ఆపారు. రెండు పనులూ ఒక మనిషి సమయంలో పట్టవని గ్రహించి, ఇంటి ఖర్చుకు సరిపడా బైతుల్ మాల్ నుంచి భృతి ఏర్పాటు చేశారు. ఇమామ్ అబూ హనీఫా కూఫాలో పట్టుబట్టల వ్యాపారం నడుపుతూనే పాఠం చెప్పారు, కానీ ఆయనకు వ్యాపారంలో భాగస్వామి ఉండేవారు. ఒకసారి ఆ భాగస్వామి లోపమున్న బట్టను ఆ సంగతి చెప్పకుండా అమ్మితే, ఇమామ్ ఆ సొమ్మంతా దానం చేసేశారని చెబుతారు. కొట్లో మరొకరు కూర్చున్నా జవాబుదారీ యజమానిదే.

మన కొట్లలో ఆ మరొకరు ఎవరు? భార్య, లేదా పిల్లవాడు. వాళ్లకు జీతం ఉండదు కనుక లెక్కలోకి రారు. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలు సొంత కుటుంబ వ్యాపారంలో కూడా బడివేళల తర్వాత, సెలవుల్లో మాత్రమే సాయం చేయవచ్చు. చట్టం సంగతి అటుంచి, నేనూ మా నాన్న పరుపుల కొట్లో అలా కూర్చున్నవాణ్ణే. భిన్నాలు నాకు బి.ఇడి. చదివేటప్పుడు గానీ సరిగా అర్థం కాలేదు.

ఆ తండ్రితో రెండు సాయంత్రాలు మాట్లాడాను. కోతల రోజుల్లో ఊరంతా పొలాల్లో ఉంటుంది. బేరం వచ్చేది కూలి డబ్బు చేతిలో పడ్డాకే. అలాంటప్పుడు పగలు కొట్టు తెరవడం ఎందుకు? సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా తెరవమన్నాను. ఆటో డబ్బు ఇంటికి, కొట్టు డబ్బు సరుకుకు, రెండు నోటు పుస్తకాలు పెట్టమన్నాను. మొదటి నెల రెండూ కలిపేశాడు. రెండో నెల నుంచి కుదిరింది. పగలు మూసినందుకు పోయిన బేరం ఆయన భయపడినంత లేదు. నిద్ర మాత్రం తగ్గింది, దానికి నా దగ్గర ఉపాయం లేదు.

అసలు ఇబ్బంది కోతల్లో కాదు, ఆషాఢంలో. పెళ్లిళ్లు ఉండవు, మిర్చి డబ్బు అయిపోయి ఉంటుంది, ఆటోకూ కిరాయిలు ఉండవు. అప్పుడు ఆయనకు మరో విడత సరుకు ఇప్పిస్తే అది కూడా వంటింట్లోకే పోతుంది. ఆ రెండు మూడు నెలలకు రేషన్ కిట్ ఇస్తే కొట్టు నిలబడుతుంది. హజ్రత్ ఉమర్ చేసిన ఏర్పాటు ఇలాంటిదే కదా.

కాబట్టి సంఘం దరఖాస్తులో రెండు ప్రశ్నలు చేర్చమని నా మనవి. మీరు రెండో పనికి వెళ్లినప్పుడు కొట్లో ఎవరు కూర్చుంటారు? ఏ నెలల్లో గల్లాలోంచి ఇంటికి తీస్తారు?

ఆ పిల్లవాడు ఎనిమిదిలోకి వచ్చాడు. ఆదివారాలు కొట్లోనే ఉంటాడు. మొన్న మా మనవరాలికి గాజులు కొన్నాను, చిల్లర సరిగ్గానే లెక్కపెట్టి ఇచ్చాడు.