నోట్స్ ఇవ్వని మేడమ్

ప్రశ్న: హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. మార్కులు 950 దాటాయి. ఇప్పుడు నాంపల్లిలో బీఎస్సీ మొదటి సంవత్సరం. మేడమ్ గంటసేపు పాఠం చెప్పి వెళ్లిపోతారు. నోట్స్ ఇవ్వరు, ఏవి ఇంపార్టెంటో చెప్పరు. అడిగితే లైబ్రరీలో చూసుకోమంటారు. కాలేజీ మారిపోనా?
– ఒక విద్యార్థిని, నాంపల్లి

జవాబు: వద్దమ్మా. పదో తరగతి అవగానే మనవాళ్లు ‘పిల్ల కాలేజీలో చేరింది’ అంటారు. ఇంటర్ బోర్డు కింద నువ్వు చదివిన రెండేళ్లకూ పేరే కాలేజీ, నడిచిందంతా బడి పద్ధతే. పొద్దున స్టడీ అవర్, వారం వారం టెస్టు, రాత్రి మళ్లీ స్టడీ అవర్. ఏ పూట ఏ పేజీ చదవాలో కూడా వాళ్లే చెప్పారు. నిజానికి నువ్వు బడి దాటింది మొన్న జూన్లోనే.

బళ్లో నీకు పాఠం వచ్చేదాకా టీచరు వదలదు. రాకపోతే నాన్నను పిలిపిస్తుంది. డిగ్రీ మేడమ్ పాఠంలో చిక్కుముడి ఎక్కడుందో చూపిస్తుంది, మిగతాది నువ్వే చదువుకొస్తావనుకుంటుంది. ఆ మాట మొదటిరోజే చెప్పకపోవడం మాత్రం ఆమె తప్పే. మన కాలేజీల్లో చాలామంది చెప్పరు.

డిక్టేషన్‌కి అలవాటుపడ్డ చెయ్యి నీది, అందుకే ఇబ్బంది. అన్నీ రాయకు. బోర్డు మీద పడ్డవి, ఆమె రెండుసార్లు అన్నవి రాసుకో. అర్థంకాని చోట ప్రశ్నగుర్తు పెట్టుకో. సాయంత్రం పుస్తకం చూసి ఖాళీలు నింపు. ఇంకా మిగిలితే స్టాఫ్‌రూమ్‌కి వెళ్లు. బళ్లో అక్కడికి పిలిచారంటే తిట్లకే కాబట్టి కాళ్లు వణుకుతాయి, తెలుసు. ‘పాఠం అర్థం కాలేదు’ అనకు. ‘ఇక్కడిదాకా వచ్చింది మేడమ్, ఇక్కడ ఆగిపోయాను’ అను.

సిలబస్ చివర పుస్తకాల పేర్లుంటాయి. అవి చీటీ మీద రాసుకుని ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి వెళ్లు. పాత పుస్తకాల దగ్గర గట్టిగా బేరమాడు. గైడ్లూ అక్కడే ఉంటాయి. పరీక్షకు వారం ముందు ఒకటి కొంటే నేనేమీ అనను.



ప్రశ్న: పదకొండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఈ ఏడే డిగ్రీ కాలేజీకి వచ్చాను. హోంవర్క్ ఇస్తే పిల్లలు నవ్వుతున్నారు.
– ఒక లెక్చరర్, అబిడ్స్

జవాబు: అసైన్‌మెంట్ అనండి, నవ్వరు. దిద్దే అలవాటు మాత్రం మానకండి, కాలేజీలో అది అరుదు. తప్పు దగ్గర ఎర్ర ఇంటూ బదులు ఒక ప్రశ్న రాసి కాగితం తిరిగి ఇవ్వండి. అన్నట్టు, పైన ఉత్తరం రాసిన అమ్మాయిలాంటి వాళ్లు మీ క్లాసులోనూ ఉంటారు. నోట్స్ ఎందుకివ్వరో సోమవారమే చెప్పేయండి.