అడగండి, సెమిస్టర్ మొదట్లోనే

"తెలివి ఉంది గానీ శ్రద్ధ లేదు."

కాలేజీలో ఈ ముద్ర పడినవాళ్లలో కొందరికి నిజంగానే శ్రద్ధ ఉండదు. మరికొందరు పక్కవాడికంటే రెట్టింపు కష్టపడతారు, ఆ కష్టం మాత్రం జవాబు పత్రంలో కనిపించదు. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, ఏడీహెచ్‌డీ, ఆటిజం ఉన్నవాళ్లు, అంటే న్యూరోడైవర్జెంట్ విద్యార్థులు, ఈ రెండో రకంలో ఎంతోమంది. వాళ్లకీ, వాళ్లకు పాఠం చెప్పేవాళ్లకీ నాలుగు మాటలు.

తిరుత్తణి, తిరువళ్లూరు వైపు పిల్లల సంగతి ఇంకాస్త చిక్కు. 1960 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. అందుకే ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలుగు, బడిలో తమిళం, కాలేజీకి వెళ్తే ఇంగ్లీషు. తెలుగు, తమిళ లిపులు చాలావరకు రాసినట్టే చదివేవి. ఇలాంటి లిపిలో డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు తప్పు చదవడంకంటే ఆలస్యంగా చదవడమే ఎక్కువ. ఆలస్యాన్ని ఎవరు పట్టించుకుంటారు? ప్లస్ టూ దాకా బండి నడిచిపోతుంది. రాసేదొకటి, పలికేదొకటి అయిన ఇంగ్లీషు పుస్తకం ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ముందుకొచ్చేసరికి కుదేలవుతాడు. "తమిళ మీడియం కదా, ఇంగ్లీషు రాదు" అని తేల్చేస్తారు. అంత తొందరెందుకు? చిన్నప్పటినుంచీ చదివిన భాషలో ఒక పేజీ ఇచ్చి చూడండి. అక్కడా వేలు పెట్టుకుని, వరుస తప్పుతూ చదువుతుంటే సమస్య ఇంగ్లీషుతో కాదు.

పరీక్ష హాల్లో ఏం జరుగుతుందో చూడండి. ప్రశ్న చదివాడు. వరుస జారింది. మళ్లీ మొదటినుంచి చదివాడు. 'ఎక్స్‌ప్లెయిన్', 'ఎగ్జామిన్' ఒకేలా కనిపించాయి. మూడోసారికి అర్థమైంది. జవాబు తెలుసు, బాగానే తెలుసు. పెన్ను కాగితం మీద పెట్టేసరికి పక్క బెంచీవాడు అడిషనల్ షీటు అడుగుతున్నాడు. ఫలితాల రోజు ఇతనికి మరో అరియర్.

దీనికి మందు జాలి కాదు, సమయం. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (చెబుతుంటే జవాబు రాసిపెట్టే మనిషి), రెండో, మూడో భాష నుంచి మినహాయింపు చట్టంలోనే రాసి ఉన్నాయి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. మూడు గంటల పేపరుకు నాలుగు గంటలన్నమాట. 40 శాతం వైకల్యం ఉంటేనే స్క్రైబ్ అనే వాదన చాలాకాలం నడిచింది. రాయబోతే చెయ్యి పట్టేసే ఒక సివిల్స్ అభ్యర్థి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆ 40 శాతం షరతు చెల్లదని 2021 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది అలాంటివాళ్లకూ మార్గదర్శకాలు వచ్చాయి. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం ఆ 21లో విడిగా లేదు. అది చట్టంలో పెద్ద లోటే అంటాను.

విశ్వవిద్యాలయాలకూ దారి కొత్తదేం కాదు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన కమిషన్ సిఫారసులనుంచే యూజీసీ రూపుదిద్దుకుంది. ఆ యూజీసీయే 2022లో, దివ్యాంగ విద్యార్థులకు క్యాంపస్‌లు అందుబాటులో ఉండేందుకు ప్రమాణాలు ఇచ్చింది. కాగితాలకు కొరత లేదు. అడిగేవాళ్లే తక్కువ.

ఎందుకు అడగరు? "అక్కకు సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడీ వైకల్యం సర్టిఫికెట్ ఎందుకురా?" అంటారు ఇంట్లో. ఉద్యోగం రాదేమోనని భయం, దోస్తులు ఎగతాళి చేస్తారని బెంగ. ఈ భయాలు ఉత్తవని నేననను. కానీ నాలుగేళ్లు దాచిపెట్టి అరియర్లు పోగేసుకుంటే ఉద్యోగానికి వచ్చే అడ్డు ఇంకా పెద్దది.

అడగడానికీ ఒక పద్ధతుంది. "సార్, కొంచెం హెల్ప్ చెయ్యండి" అంటే ఏ లెక్చరర్‌కీ ఏం చెయ్యాలో తెలియదు. "సార్, నాకు చదవడం నెమ్మది. స్లైడ్లు ముందురోజే ఇస్తే క్లాసులో మీరు చెప్పేది అందుకోగలను" అని చూడండి. కష్టం ఒక వాక్యం, కావలసింది ఒక వాక్యం. అంతే. మీ జాతకమంతా విప్పక్కర్లేదు.

మీ వంతు పని కూడా ఉంది. ఫోన్‌లో పాఠాన్ని పైకి చదివి వినిపించే సదుపాయం వాడుకోండి. తిరుత్తణినుంచి అరక్కోణం మీదుగా లోకల్ రైల్లో కాలేజీకి వచ్చేవాళ్లకు అదే మంచి క్లాసు. మనసు ఒకచోట నిలవకపోతే స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరి పని వాళ్లు చేసుకోండి. పక్కన మనిషి ఉంటే చాలామందికి పని సాగుతుంది.

లెక్చరర్లకు ఒక మనవి. అందరి ముందూ నిలబెట్టి చదివించకండి. అసైన్‌మెంట్ గడువు నోటితో చెప్పి వదిలేయకుండా బోర్డు మీద కూడా రాయండి. ఒకే ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు కుక్కకండి. ఇంటర్నల్స్‌లో రాతకు బదులు వైవా పెట్టగలిగితే పెట్టండి. వీటిలో దేనికీ సర్టిఫికెట్ అక్కర్లేదు, సిలబస్ తగ్గదు, ప్రమాణం పడిపోదు. ఇక ఇండక్షన్ రోజున చెవులు చిల్లులు పడే ఆ స్పీకర్లు... ఆటిజం ఉన్న విద్యార్థి మొదటి రోజే పారిపోవాలనుకుంటే తప్పు అతనిదా?

అదనపు సమయం, స్క్రైబ్ కావాలంటే మాత్రం కాగితం తప్పదు. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు, అంటే వైకల్య గుర్తింపు కార్డుకు, దరఖాస్తు చేయండి. దారి తెలియకపోతే జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగండి. తమిళంలో 'మాట్రుత్తిఱనాళిగళ్' ఆఫీసు అంటే ఎవరైనా చూపిస్తారు. వైకల్య నిర్ధారణ పరీక్షలకు, ఆ తర్వాత మెడికల్ బోర్డుకు సమయం పడుతుంది కాబట్టి సెమిస్టర్ మొదటి వారంలోనే కదలండి. కాలేజీలో దరఖాస్తు ఇచ్చేటప్పుడు దాని నకలు మీద తేదీతో సహా స్టాంపు వేయించుకోవడం మరిచిపోకండి.