నవంబరులో స్కోరుకార్డుల పద్దు

మిషిగన్‌లో హ్యాండిక్యాప్ లెక్కకు అక్టోబరు 31 ఆఖరి రోజు. ఆ తర్వాత మార్చి ముగిసేదాకా ఇక్కడ ఎంత బాగా ఆడినా ఆ రౌండు లెక్కలోకి ఎక్కదు. ఆడటం కూడా కష్టమే. ఫెయిర్‌వే మధ్యలో పడ్డ బంతి కూడా రాలిన మేపుల్ ఆకుల కింద మాయమవుతుంది. మూడు నిమిషాలు వెతికి దొరక్కపోతే పోయినట్టే. అందుకే నవంబరు 1 తర్వాత వచ్చే మొదటి ఆదివారం నేను గోల్ఫ్ బ్యాగును గరాజ్‌లో పెట్టేసి, స్కోరుకార్డులు తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంటాను. ఉగాదికి పంతులుగారు ముందున్న ఏడాదికి ఆదాయవ్యయాలు చదువుతారు. నేను గడిచిన సీజన్‌కు చదువుకుంటాను. ఆ పద్దు ఎలా రాస్తానో చెబుతాను.

కావలసినవి

ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఆడిన కార్డులన్నీ. ఒక గీతల నోటుబుక్కు. ఎరుపు, నీలం పెన్నులు. ఏప్రిల్‌లో రాసుకున్న లక్ష్యం, కాగితం మీద. రెండు గంటల సమయం, ఒక గ్లాసు ఫిల్టర్ కాఫీ. కార్డులు దాచని వాళ్లు ఫోన్‌లోని స్కోరు యాప్‌తో సరిపెట్టుకోవచ్చు. కానీ యాప్‌లో మొత్తం స్కోరు మాత్రమే ఎక్కించి ఉంటే లాభం లేదు, హోలు హోలుకూ స్కోరు ఉండాలి.

మొదటి మెట్టు: కార్డులన్నీ పరవడం

తేదీల వరసలో బల్ల నిండా పరవాలి. మంచివి పైన, చెడ్డవి కింద అని ఏరడం వద్దు. ఈసారి నావి 22 వచ్చాయి. మా ఆవిడ అటుగా వెళ్తూ "ఇవన్నీ కట్టాల్సిన బిల్లులా?" అని అడిగింది. ఒక రకంగా అవుననే చెప్పాలి.

జ్ఞాపకాన్ని నమ్ముకుంటే పని చెడుతుంది. కార్డులు చూడకముందు ఈ సీజన్ ఎలా గడిచిందని ఎవరైనా అడిగితే "పట్టింగ్ ముంచింది" అనేవాణ్ణి. ఆఖరి రౌండులో మూడడుగుల పట్ తప్పింది కదా, మనసు దాన్నే పట్టుకుంది. కార్డులు వేరే కథ చెప్పాయి.

రెండో మెట్టు: రెండు రంగుల గుర్తులు

ప్రతి కార్డులో పెనాల్టీ పడ్డ హోలుకు ఎరుపు సున్నా చుట్టాలి. మూడు పట్లు పట్టిన హోలుకు నీలం సున్నా. అంతకంటే ఎక్కువ గుర్తులు పెట్టబోతే సగంలో విసుగొస్తుంది. నాకు తేలింది ఇది: 22 రౌండ్లలో పెనాల్టీ దెబ్బలు 61, మూడు పట్ల హోళ్లు 68. రౌండుకు సుమారు మూడూ మూడూ.

పట్ల మొత్తం మాత్రం కూడలేదు. ఆ అంకె మోసం చేస్తుంది. గ్రీన్ అందుకోలేక బయట ఆగి, అక్కడినుంచి చిప్ చేసి గుంత పక్కన పెట్టినవాడికి పట్లు తగ్గుతాయి. గ్రీన్ మీదికి నేరుగా చేరి 40 అడుగుల దూరంలో ఆగినవాడికి పెరుగుతాయి. బాగా కొట్టినవాడే పట్టింగ్ రానివాడిలా కనిపిస్తాడు. పైగా ఎనిమిదడుగుల పట్ ప్రొఫెషనల్ ఆటగాళ్లకే సగం సార్లు పడుతుంది. ఆ దూరంనుంచి తప్పినందుకు నేను కుమిలిపోవడంలో అర్థం లేదు.

మూడో మెట్టు: ఒక్క హోలు కథ చదవడం

ఇక్కడ తొందరపడకూడదు. ఎరుపు సున్నాలు ఏ హోలు దగ్గర గుమిగూడాయో చూసి, దాని స్కోర్లన్నీ ఒకే వరసలో రాయాలి. మేం ఎక్కువగా ఆడే కోర్సులో 14వ హోలు పార్ 4, 390 గజాలు, కుడివైపు పొడుగునా చెరువు. అక్కడ నా తొమ్మిది స్కోర్లు ఇవి:

7, 6, 8, 7, 5, 5, 7, 6, 7.

మధ్యలో ఆ రెండు అయిదులు ఎలా వచ్చాయో మొదట అర్థం కాలేదు. తేదీలు చూశాక గుర్తొచ్చింది. జూలైలో డ్రైవర్ షాఫ్ట్ విరిగి రెండు వారాలు రిపేరులో ఉంది. గత్యంతరం లేక ఆ రెండుసార్లూ హైబ్రిడ్‌తో టీ షాట్ కొట్టాను. హైబ్రిడ్‌తో 180 గజాలు, సెవెన్ ఐరన్‌తో 150, మిగిలిన 60 వెడ్జ్‌తో, ఆపైన రెండు పట్లు. ఏ గొప్పా లేని బోగీ. డ్రైవర్ చేతికి తిరిగి రాగానే బంతి మళ్లీ చెరువు దారి పట్టింది. డ్రైవర్‌తో ఆడిన ఏడుసార్ల సగటు దాదాపు 7. అంటే ఆ క్లబ్ బాగుపడి వచ్చినందుకు సగటున దాదాపు రెండు దెబ్బలు సమర్పించుకున్నాను.

నాలుగో మెట్టు: పాత లక్ష్యాన్ని నిలదీయడం

ఏప్రిల్‌లో రాసుకున్నది ఒక్కటే ముక్క: "ఈ ఏడాది 90 లోపు." నా అత్యుత్తమ స్కోరు 91. ఆ కాగితం ప్రకారం నేను తప్పాను. కానీ అదే ఏప్రిల్‌లో 22.3 ఉన్న హ్యాండిక్యాప్ అక్టోబరుకు 18.9కి దిగింది.

ఇదెలా? 2020 నుంచి ప్రపంచమంతటా అమలవుతున్న పద్ధతిలో చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 మాత్రమే తీసుకుని సగటు కడతారు. ప్రతి రౌండుకూ స్కోరులోంచి కోర్సు రేటింగు తీసేసి, 113తో హెచ్చించి, ఆ కోర్సు స్లోప్‌తో భాగిస్తారు. రేటింగు 71.2, స్లోప్ 128 ఉన్న చోట 94 కొడితే 22.8ని 113తో హెచ్చించి 128తో భాగించాలి. వచ్చేది 20.1. ఏ ఒక్క హోలులోనూ నెట్ డబుల్ బోగీకి మించి లెక్కలో చేరదు కాబట్టి ఒక్క చెరువు మొత్తం రౌండును ముంచదు. ఒక్క మంచి రోజు కోసం నేను పెట్టుకున్న లక్ష్యం తప్పిపోయింది. సీజన్ పొడుగునా వచ్చిన మార్పు ఈ లెక్కలో మాత్రమే కనపడింది.

కలిసి ఆడే మా నలుగురిలో పెద్దాయన్ని అందరం మాస్టారనే పిలుస్తాం. ఆయనకు ఫోన్ చేశాను.

"మాస్టారూ, ఈసారి కూడా తొంభై లోపు రాలేదండీ."

"తొంభై నీ చేతిలో లేదయ్యా. పద్నాలుగో హోల్లో ఏ కర్ర బయటికి తీస్తావో, అది నీ చేతిలో ఉంది."

అయిదో మెట్టు: కొత్త లక్ష్యాలు మూడే

మాస్టారి మాటే జల్లెడ. అంకె మాత్రమే ఉన్న లక్ష్యం కిందికి జారిపోతుంది. చేసే పని ఉన్నది జల్లెడలో నిలుస్తుంది. ఈసారి నాకు నిలిచినవి మూడు.

ఒకటి, ఒక పక్క నీళ్లున్న పార్ 4లో డ్రైవర్ బ్యాగులోంచి బయటికి రాదు. పాటించానా లేదా అని కార్డు మీద చిన్న టిక్కు పెడతాను.

రెండు, ప్రతి రౌండుకు ముందు పది నిమిషాలు 30 అడుగుల పట్లు మాత్రమే సాధన చేస్తాను. మూడు పట్లకు కారణం ఎక్కువసార్లు చివరి పట్ తప్పడం కాదు, మొదటిది దూరంగా ఆగడం.

మూడు, నెలకోసారి మా అబ్బాయితో తొమ్మిది హోళ్లు, కార్డు లేకుండా. ఆగస్టులో ఒక సాయంత్రం వాడు తొలిసారి బంకర్‌లోంచి బంతిని బయటికి తీసి ఇసుక కళ్లలో పడ్డా ఎగిరి గంతేశాడు. ఆ సీజన్‌లో నాకు బాగా గుర్తున్న దెబ్బ అదే, నాది కాదు. లక్ష్యాల్లో దానికీ చోటుండాలి.

ఆరో మెట్టు: శీతాకాలానికి పని పంచడం

కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షల షాట్ల లెక్కలు తీసి, ఆటగాళ్ల స్కోర్ల మధ్య తేడాలో సుమారు మూడింట రెండు వంతులు వంద గజాలకు అవతలి దెబ్బల వల్లే వస్తుందని చూపించాడు. నా చలికాలపు సాధన కూడా దాన్ని దృష్టిలో పెట్టుకునే పంచాను. రెండు వారాలకోసారి ఇండోర్ సిమ్యులేటర్‌లో హైబ్రిడ్, సెవెన్ ఐరన్. ఇంట్లో బేస్‌మెంట్ తివాచీ మీద రోజూ పది నిమిషాల పట్టింగ్. అంతకుమించి ఏమీ లేదు.

చివరి మెట్టు: దాచడం

మూడు లక్ష్యాలనూ ఒక పాత స్కోరుకార్డు వెనకాల రాసి, బ్యాగులో బంతులు పెట్టుకునే అరలో వేస్తాను. ఏప్రిల్‌లో మొదటి బంతి కోసం చెయ్యి పెట్టగానే అదే తగులుతుంది.

గోల్కొండ కోర్సులోనో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో, విశాఖ ముడసర్లోవలోనో ఆడేవాళ్లకు మంచు వచ్చి గేటు వెయ్యదు. ఏడాది పొడుగునా ఆట సాగుతూనే ఉంటుంది, తప్పులూ సాగుతూనే ఉంటాయి. కాబట్టి సీజన్ ముగింపు తేదీ మీరే పెట్టుకోవాలి. ఉగాదికి ముందు ఆదివారం ఎలాగూ ఉంది. ఆ రోజు ఎరుపు పెన్ను ఒకటి చేతిలో ఉంచుకోండి.